ఏడుగుంజల సంతలో ఎడమచెయ్యి

మాణిక్యగండి రాజ్యానికి ఉత్తరపు అంచున, గంధవతి నది మెలిక తిరిగేచోట, ఎర్రరాతి మిట్ట ఒకటుంది. వారానికి ఆరు రోజులు దాని మీద తొండలు తప్ప మరేవీ తిరగవు. ఏడో రోజు తూరుపు తెల్లబడకముందే నాలుగు దిక్కుల నుంచీ బండ్లు, కావళ్ళు, గాడిదలు, నెత్తిన గంపలతో ఆడవాళ్ళు బారులు తీరతారు. మిరపకాయల ఎరుపు, పసుపుకొమ్ముల పచ్చన, నీలిమందు ముద్దలు, వెదురు పంజరాల్లో అరిచే రామచిలకలు, పట్టుచీరల మీద వాలే తేనెటీగలు, గంధపు చెక్కల వాసన, మేకల వాసన, అన్నీ ఆ మిట్టమీద కలగలిసిపోతాయి. పొద్దుపొడుపున ఏడు చందనపు గుంజల చుట్టూ సంతతాడు కడతారు. పొద్దుగూకగానే విప్పుతారు. ఆ తాడు లోపల ఉన్నంతసేపూ రాజుగారి ఆజ్ఞ కన్నా సంతశాసనానిదే పైమాట.

ఆ వేళ మిట్టమధ్యాహ్నం దాటాక కేతన్న నెత్తిన గంపల మోపుతో మిట్ట ఎక్కాడు. వాడిది బుట్టలు, తడకలు అల్లే పని. పెళ్ళయి ఎనిమిది నెలలు. పెళ్ళాం పోలి ఉప్పు అమ్ముతుంది. ఆమె తెల్లవారుజామునే బయలుదేరితే, ఇంకో నాలుగు వెదురు బద్దలు చీల్చుకుని వస్తానని వాడు వెనకపడ్డాడు. ఆ వెనకపడటమే కొంప ముంచింది. ఐదో గుంజ పక్కన పోలి ఎప్పుడూ కూర్చునేచోట ఉప్పు చెల్లాచెదురుగా పడి ఉంది. గంప లేదు. పోలి లేదు. నేల మీద నాగలితో దున్నినట్టు నాలుగు పొడుగాటి చాళ్ళున్నాయి.

పక్కన వెల్లుల్లి అమ్మే ముసలి గురవమ్మ ముక్కు చీదుకుంటూ కూర్చుంది.

"అత్తా, పోలి ఏదీ?"

"ఎత్తుకుపోయిందిరా నాయనా! ఆశీలు కింద ఎత్తుకుపోయింది!"

"ఎవరు?"

"ఎవరేందిరా, ఆ చెయ్యి! 'గంపకు పిడికెడు తీసుకో, అంతకు మించి ముట్టుకున్నావో వేళ్ళు విరుస్తా' అని నీ పెళ్ళాం దాని మీదికి తక్కెడ కర్ర ఎత్తింది. అది ఊరుకుంటదా? ఉప్పుతో, గంపతో, మనిషితో సహా పిడికిట్లో పెట్టుకుని కొట్టులో పడేసింది."

కేతన్న నెత్తి మీది మోపు దబ్బున కిందపడింది.

ఆ చెయ్యి కథ చెప్పాలంటే ఆ సంతవాళ్ళ తెలివి గురించి కాస్త చెప్పాలి. ఏడుగుంజల సంతలో ఆశీలు, అంటే సంతపన్ను, గంపకు పిడికెడు. వడ్లయితే వడ్లు, పువ్వులైతే పువ్వులు. పిడికెడంటే పాటదారుడి పిడికెడు. ఏటేటా పన్నిద్దరు పెద్దల సభ పాట పెడుతుంది. సంతకు ఎక్కువ పందిళ్ళు, ఎక్కువ నీళ్ళ బానలు ఎవడు ఒప్పుకుంటే ఆ ఏడు పిడికిలి హక్కు వాడిది. మరి వాడి చెయ్యి చేటంత ఉంటే? పాతకాలపు పెద్దలు ఆ మాటా ఆలోచించారు. మొదటి గుంజ దగ్గర బండ మీద అరచెయ్యి ఆకారం తొలిపించారు. పాడదలచినవాడు ముందు తన కుడిచెయ్యి ఆ గుంటలో పెట్టాలి. పట్టకపోతే ఇంటికి పొమ్మంటారు. నూటయాభై ఏళ్ళుగా కుడిచెయ్యే కొలిచారు. ఎడమచేత్తో ఇచ్చిపుచ్చుకునే మర్యాదలేని మనిషి భూమ్మీద ఉంటాడని ఆ సంతలో ఎవరికీ తట్టలేదు.

మూడు సంతల కిందట కరంకుడనే మాంత్రికుడు వచ్చాడు. ఆడపిల్ల చెయ్యిలాంటి కుడిచెయ్యి గుంటలో పెట్టాడు. నూరు పందిళ్ళు వేస్తానని పాడాడు. పాట వాడి పేర కొట్టేశారు. అప్పుడు నల్ల కంబళి కప్పుకున్న ఎడమ భుజాన్ని వాడొకసారి విదిలించాడు. కంబళిలోంచి జారిపడ్డది రాక్షసుడి చెయ్యి! పడ్డాక పెరిగింది. బొటనవేలు తాటిమొద్దంత అయింది. వేళ్ళ మీద ఎండ్రకాయలా నడుచుకుంటూ సంతలోకి దిగి, ఒక్క పిడికిట్లో ఎద్దులబండి ఎత్తింది. నూరు పందిళ్ళలో ఒక్క రాట కూడా ఈనాటికీ లేవలేదు. కంచే చేను మేస్తుంటే పెద్దలు శాసనం తిరగేస్తూ కూర్చున్నారు.

కేతన్న ఒక్క ఉరుకులో సంతపెద్ద ఏచన ముందుకొచ్చి పడ్డాడు. ఏచన పెద్దమనిషే. కానీ పెద్దరికమంతా తలపాగాలోనే ఉంది.

"పెద్దయ్యా! పిడికెడు ఉప్పు తీసుకోవాల్సినవాడు నా పెళ్ళాన్ని తీసుకుపోతే తమరు చూస్తా కూర్చున్నారా?"

ఏచన తాటాకులు సర్దుకున్నాడు. "తొందరపడకు నాయనా. 'గంపలోనిదీ, గంపను అంటుకొని ఉన్నదీ' అని శాసనంలో ఉంది. నీ భార్య గంపను వదల్లేదట. వదిలి ఉంటే ఆమె దోవ ఆమెది."

"ఉప్పు అమ్ముకునేది గంప వదులుద్దా అయ్యా? ఆ ఎడమచెయ్యి మాటేంది మరి?"

"ఎడమచెయ్యి కూడదని ఎక్కడా లేదు. అదే మా బాధ." ఏచన గొంతు తగ్గించాడు. "పొద్దుగూకి తాడు విప్పామంటే కొట్టులో ఉన్నదంతా పాటదారుడి సొంతమైపోతుంది. ఆలోపు నీకేదైనా ఉపాయం తోస్తే చూసుకో. నేను చెప్పానని మాత్రం అనకు."

కేతన్న పడమటికి చూశాడు. పొద్దు ఇంకా మూడు బారలుంది. కొట్టంటే మిట్ట కడుపులోని గుహ. ఇనుప తలుపులు. పైన కప్పులో పెద్ద బిలం. చెయ్యి ఆ బిలంలోంచే ఆశీలు లోపలికి జారవిడుస్తుంది. మనిషన్నవాడు దాని దరిదాపులకు పోలేడు. మనిషి పోలేనిచోటికి గంప పోతుంది కదా అని కేతన్నకు తోచింది.

ఇక ఆగలేదు. తను తెచ్చిన గంపల్లో అన్నిటికన్నా పెద్దదాంట్లో దూరి కూర్చున్నాడు. గురవమ్మ పక్క వరసలో పత్తి అడిగి తెచ్చి వాడి నెత్తిన కుక్కింది. "ఊపిరాడుతుందంట్రా?" అంది. "ఆడకపోయినా చెప్పను, కానీయ్ అత్తా" అన్నాడు పత్తిలోంచి. ఆమె ఆ గంపను దోవ మధ్యలోకి నెట్టి, తన చోటికి పోయి కళ్ళు మూసుకుంది.

నేల అదిరింది. ధబ్, ధబ్, ధబ్. చూపుడువేలు ముందు వచ్చి పత్తిని తడిమింది. మునివేలు కేతన్న ముక్కుకు జానెడు దూరంలో ఆగింది. అంతలో ఐదు వేళ్ళూ మూసుకున్నాయి. గంప కిర్రుమంది, బద్దలు వంగాయి, కేతన్న మోకాళ్ళు గడ్డానికి కొట్టుకున్నాయి. మరొకడు అల్లిన గంపయితే పిండయ్యేదే. తన చేతి పనితనానికి తనే దండం పెట్టుకున్నాడు. గాలిలో గిర్రున తిరిగాడు, ఆకాశం చూశాడు, చీకటి చూశాడు, ధనామని కిందపడ్డాడు.

పత్తిలోంచి తల ఎత్తి చూస్తే కళ్ళు చెదిరాయి. స్ఫటికపు గోడల గుహ. బిలంలోంచి దిగిన వెలుగు ఆ గోడల మీద పడి వెయ్యి తునకలవుతోంది. మిరపకాయలు గుట్టలు, బెల్లపు దిమ్మలు మేడలు, వడ్లు ఇసుకతిన్నెల్లా పోసి ఉన్నాయి. దంతపు దువ్వెనలు, కంచు గంటలు, పునుగు పిల్లులు, నెమళ్ళు, కట్టు తెంచుకున్న మేకలు. నడుమ ముప్పై నలభైమంది మనుషులు. వాళ్ళు ఏడుస్తూ ఉంటారనుకున్నాడు కేతన్న. లేదు, బేరాలాడుతున్నారు!

"సోలెడు ఉప్పుకు చారెడు బెల్లమా? నీ బెల్లం ఏమన్నా దేవలోకం నుంచి దిగిందా?" అన్న గొంతు వినగానే వాడికి ప్రాణం లేచొచ్చింది.

"పోలీ!"

పోలి తిరిగి చూసింది. నుదుట గీరుకుపోయి నెత్తురు గడ్డకట్టింది. కళ్ళు మాత్రం ఎప్పటి కళ్ళే.

"ఇప్పుడా రావడం? నాలుగు బద్దలు చీల్చుకొస్తానని నలభై బద్దలు చీల్చావా మావా?"

కేతన్న ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. పోలి కూడా ఒక్క క్షణం వాడి భుజం మీద తల ఆనించింది. వెంటనే తల తీసి, "ఏడుపు ఇంటికెళ్ళాక. పొద్దెంతుంది?" అంది.

"రెండున్నర బారలు. తలుపులు పగలగొడదామా?"

"పొద్దుటి నుంచి పగలగొడుతూనే ఉన్నారు మగోళ్ళు, చేతులు వాచాయి. నే చెప్పేది విను. సంతశాసనం మా అమ్మమ్మకు నోటికొచ్చు. ఆశీలు తీసుకున్నోడు నీడ ఇవ్వాలి, నీళ్ళివ్వాలి, సంత చిమ్మించాలి. ఇవ్వకపోతే అమ్మేవాళ్ళు గంపలు బోర్లించొచ్చు. తాడు లోపలి గంపలన్నీ బోర్లిస్తే పాట రద్దు. పన్నిద్దరూ అక్కడికక్కడే మళ్ళీ పాట పెట్టి తీరాలి. ఒక్క గంప వెల్లకిలా ఉన్నా చెల్లదు."

"మరి ఎవరూ బోర్లించలేదే?"

"మా అమ్మమ్మ పుట్టకముందు ఒకసారి బోర్లించారంట. అప్పటి నుంచి ఎవరి గంప ముందు బోర్లించాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆ చెయ్యి పట్టుకుని నువ్వు పైకి పో. ఇక్కడి గంపలు మేం బోర్లిస్తాం. నీ గంపతో మొదలెట్టు."

"నువ్వూ రా."

"ఇద్దరి బరువుకు అది కనిపెడుతుంది. ఫో మావా, నాకిక్కడ బేరాలున్నాయి" అంది.

బిలం మూసుకుపోయినట్టు చీకటైంది. చెయ్యి వస్తోంది! పిడికెడు మేకల్ని కింద వదిలి పైకి లేవబోతుంటే కేతన్న బెల్లపు దిమ్మల మీంచి ఎగిరి చిటికెనవేలికున్న ఇనుప ఉంగరాన్ని పట్టుకున్నాడు. చెయ్యి విసురుగా లేచింది. కాళ్ళు గాలిలో తేలిపోయాయి. రాతి అంచు వీపును గీసుకుపోయింది. ఎండ మొహాన కొట్టగానే ఉంగరం వదిలేసి, పొర్లుకుంటూ పోయి తాడు లోపల ఐదో గుంజకు కొట్టుకుని ఆగాడు.

లేస్తూనే తన మోపులోని గంపలన్నీ నేల మీద బోర్లించాడు.

"గంపలు బోర్లించండి! నూరు పందిళ్ళన్నాడు, ఒక్కటన్నా కనపడిందా? పిల్లల్ని ఎండలో పడుకోబెట్టింది చాలు! బోర్లించండి!"

అందరూ విన్నారు. ఎవరూ కదల్లేదు. గురవమ్మ వాడి వంక చూసి, తన గంప వంక చూసుకుని, మళ్ళీ వాడి వంక చూసింది. "పోలి బతికుందంట్రా?" అని అడిగింది. "బతికుంది, బేరాలాడుతోంది" అన్నాడు కేతన్న. ఆ మాట సంతలో నవ్వయి పాకింది. నవ్వొచ్చినచోట భయం ఎంతసేపు నిలుస్తుంది! పసుపు గంప బోర్లింది. చింతపండు గంప బోర్లింది. దోసకాయలు దొర్లుకుంటూ మిట్ట దిగిపోయాయి. కుండలవాళ్ళు గడ్డి తట్టలు బోర్లించారు.

చెయ్యికి తిక్క పుట్టింది. ధబధబమని పరిగెత్తుకొచ్చి ఒక గంపను పట్టబోయింది. పట్టుకుంటే దానికి గంప అడుగే తగిలింది. వదిలేసి ఇంకోదాన్ని తడిమింది, అదీ బోర్లే. చేపల వరసలో దూరింది, అక్కడా బోర్లే. కేతన్న ముందు పరుగెడుతూ కేకలేస్తుంటే చెయ్యి వెనక తరుముతోంది. రెండుసార్లు దాని గోరు వాడి జుట్టును గీరింది. కరంకుడు మాత్రం ఎత్తైన పీట మీద కూర్చుని తాపీగా తమలపాకులకు ఈనెలు తీసుకుంటున్నాడు. ఒక్క మంత్రం చదవలేదు. ఎందుకు చదవలేదా అని ఆగి ఆలోచించే తీరిక ఆ ఉరుకులో ఎవరికుంది?

చివరికి ఒక్క గంప మిగిలింది. గురవమ్మది. ఆమె బోర్లించబోయేలోపు చెయ్యి వచ్చి ఐదువేళ్ళతో దాన్ని నిలువునా పట్టేసింది. పడమట పొద్దు బారెడు కూడా లేదు. తాడు విప్పే బంట్లు గుంజల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కేతన్న గంపను పట్టి లాగాడు. గుంజను లాగినా కదిలేదేమో, గంప కదల్లేదు.

గురవమ్మ తొందరపడలేదు. గుప్పెడు వెల్లుల్లి రెబ్బలు రాయి మీద పెట్టి చితక్కొట్టింది. ఆ ముద్ద తీసుకుపోయి రాక్షసచేతి బొటనవేలి గోరుచుట్టు మీద, పచ్చిగా చిట్లినచోట, అరచేత్తో అదిమి రుద్దింది. "నీ ఆశీలు తీసుకో నాయనా" అంది.

చెయ్యి అదిరిపడి ఐదు వేళ్ళూ బారజాపింది. గంప నాలుగు నిలువులు పైకెగిరి, వెల్లుల్లి వాన కురిపించి, బోర్లా వచ్చి పడింది.

సంతంతా ఒక్కటే హోరు. ఏచన ఇక తప్పించుకోలేకపోయాడు. పన్నిద్దరినీ పిలిచాడు. నూనెలో ముంచిన పాటవత్తి తెచ్చి వెలిగించాడు. వత్తి ఆరేలోపు చివరి మాట ఎవరిదైతే పిడికిలి హక్కు వారిదే. కేతన్న బండ మీది గుంటలో కుడిచెయ్యి పెట్టాడు. "ఎడమదీ పెట్టమనండి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే పట్టుకున్నారు గానీ, ఆ జాగ్రత్త మంచిదే. కేతన్న ఎడమచెయ్యీ పెట్టాడు. రెండూ చక్కగా పట్టాయి. వెదురు కోసి కోసి కాయలు కాచిన చేతులు.

"నూటయాభై పందిళ్ళు" అన్నాడు కరంకుడు ఆవలిస్తూ.

"రెండొందలు!" అన్నాడు కేతన్న.

"మూడు వందలు."

కేతన్న చుట్టూ చూశాడు. ఎండకు కమిలిన మొహాలు, తల్లుల కొంగుల కింద పసిబిడ్డలు. పొద్దు మిట్ట అంచును తాకుతోంది. "లెక్క చెప్పను. ఈ తాడు లోపల కూర్చునే ప్రతి మనిషి నెత్తిన ఒక తడక. పై సంతనాటికి నా చేతులతో నేనే అల్లి కడతాను. ఒక్కరు ఎండలో ఉన్నా నా పాట రద్దు చెయ్యండి!"

ఏచన కరంకుడి వైపు చూశాడు. మాంత్రికుడు తమలపాకు మడిచి బుగ్గన పెట్టుకుని, వత్తి వైపు ఆశగా చూస్తూ కూర్చున్నాడు. వత్తి రెపరెపలాడి ఆరిపోయింది.

"పాట బుట్టల కేతన్నది!"

"కొట్టులో ఉన్నదంతా ఎవరిది వాళ్ళకు ఇచ్చేశాను! తలుపులు తీయండి!" అని కేతన్న గొంతు చించుకున్నాడు. ఇనుప తలుపులు తెరుచుకున్నాయి. మేకలు, నెమళ్ళు, మనుషులు విరగబడి బయటికొచ్చారు. అందరికన్నా వెనక, ఉప్పుగంప నెత్తిన పెట్టుకుని పోలి వచ్చింది. కేతన్న పరిగెత్తి ఆ గంప దించుకున్నాడు. పదిమందిలో ఉన్నామన్న సిగ్గు కూడా లేకుండా ఆమె చెయ్యి తన గుండెకు ఆనించుకున్నాడు. అప్పుడే నలుగురు చుట్టూ చేరి, నా తడక తూర్పువైపు కట్టు, నాకు కాస్త వెడల్పుగా అల్లు అని పోరు పెట్టారు.

ధబ్, ధబ్ మని నేల మళ్ళీ అదిరింది.

చెయ్యి జనాన్ని చీల్చుకుంటూ వస్తోంది. వచ్చేకొద్దీ కుదించుకుపోతోంది. కేతన్న ముందు ఆగేసరికి మామూలు మనిషి చెయ్యికి రెండింతలుంది. గాలిలోకి లేచి వాడి ఎడమ భుజానికి అతుక్కుంది. నొప్పి లేదు. చలి మాత్రం ఎముకల్లోకి పాకింది. కేతన్న సొంత ఎడమచెయ్యి భుజం దాకా పొగలా కరిగి, కరంకుడి ఖాళీ భుజాన మొలిచింది.

కరంకుడు ఆ కాయలు కాచిన వేళ్ళను ముడిచి చాపి చూసుకున్నాడు. వాడి కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"పదకొండేళ్ళు! ఆరు రాజ్యాల్లో ఆరు సంతలు పాడాను బుట్టలవాడా. పిడికిలి హక్కు ఎవడిదో ఈ చెయ్యి వాడిది. ఒకడు నా మీద పాడి గెలిస్తే తప్ప నన్ను వదలదు. తాడు విప్పాక అది ఎటు లాగితే అటు పోవాల్సిందే. దోచాను, ఏడిపించాను, ఒక్క రాట పాతలేదు. ఎవడైనా తిరగబడతాడేమోనని ఎదురుచూశాను. అందరూ ఆశీలు కట్టి ఊరుకున్నారు! దీని మీదికి మొదట కర్ర ఎత్తిన నీ పెళ్ళాం పది కాలాలు చల్లగా ఉండాలి."

"నా చెయ్యి నాకియ్యిరా! ఒంటిచేత్తో తడక ఎట్లా అల్లేది?" కేతన్న మీదికి దూకాడు. కంబళి మాత్రమే వాడి చేతికి చిక్కింది. మాంత్రికుడు లేడు.

పొద్దు గుంకింది. బంట్లు సంతతాడు విప్పారు. తాడు నేల మీద పడిన మరుక్షణం కేతన్న ఎడమచెయ్యి దానంతటదే లేచి, ఉత్తరపు అడవికేసి చూపుడువేలు చాపింది. వాడి కాళ్ళు ఈడ్చుకుపోయాయి. ఒక గుంజను పట్టుకున్నాడు. గుంజ మట్టితో సహా పెకలి వచ్చింది. పోలి ఉప్పుగంప అవతల పారేసి, రెండు చేతులా ఆ రాక్షస బొటనవేలిని పట్టుకుని కాళ్ళు తన్నిపెట్టింది. చెయ్యి ఆమెను కూడా లాక్కుంటూ మిట్ట దిగసాగింది.

"ఎక్కడికి మావా? ఎక్కడికి పోతుంది ఇది?"

"నాకు తెలీదు పోలీ" అన్నాడు కేతన్న రొప్పుతూ. "దానికి తెలుసు."